వాగు దాటని రోజు

(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

మా యాత్ర గురించి చెప్పమని సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచారు. చూసినవన్నీ చెప్పుకుంటూ పోతే ఈ పూట చాలదు. అందుకని ఒక్క రోజు సంగతే చెబుతాం. అడవిలో మనకు దారి చూపేవాడు "వద్దు" అంటే ఆ మాట విలువ ఎంత? ఆ విలువ మనం ఎలా చెల్లించాలి? మేం చెప్పాలనుకున్నది ఇదే. ఇది మీ అందరికీ అవసరమైన సంగతి. మీలో కొందరు రేపు కొత్త చోట్లకు వెళ్ళి ఒకరి వెనక నడుస్తారు. ఇంకొందరు మన ఊరికి వచ్చినవాళ్ళకు ముందు నడుస్తారు. కొందరు ఇప్పటికే నడుస్తున్నారు కూడా.

మేం ఆరుగురం. ఉట్నూరు, జైనూరు వైపు ఊళ్ళవాళ్ళం. నలుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. మార్లవాయి గురించి మీకు చెప్పక్కర్లేదు. హైమన్‌డార్ఫ్, బెట్టీ ఎలిజబెత్ దంపతులు అక్కడ మన పెద్దల మధ్య బతికారు. వాళ్ళ సమాధులు కూడా అక్కడే ఉన్నాయి. ఆయన మన గోండుల గురించే రాశారని మనలో చాలామంది అనుకుంటారు. ఆయన రాసిన ఇంకో పుస్తకం 1945లో అచ్చయింది. అది కొండరెడ్ల గురించి. పాపికొండల వైపు కొండలను ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళు బైసన్ హిల్స్ అనేవారు, అంటే అడవిదున్నల కొండలు. అందుకే ఆ పుస్తకానికి 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అని పేరు. మన తాతల ఇంటి ముందు కూర్చున్న మనిషి వాళ్ళ తాతల ఇంటి ముందు కూడా కూర్చున్నాడు కదా, ఆ ఊళ్ళు ఎలా ఉన్నాయో చూసొద్దాం అనుకున్నాం.

మంచిర్యాలలో రైలెక్కి, రాజమండ్రిలో దిగి, గోకవరం, రంపచోడవరం మీదుగా బస్సులో మారేడుమిల్లి చేరాం. వానలు వెనకబడుతున్న రోజులవి. కొండలన్నీ పచ్చగా, పొద్దున తొమ్మిదైనా మంచు విడవకుండా ఉన్నాయి. అక్కడి నుంచి ఒక కొండరెడ్ల ఊరికి వెళ్ళాం. ఊరి పేరు చెప్పం. మాకు దారి చూపిన మనిషి పేరు కూడా చెప్పం. చెప్పొద్దని ఆయనే అడిగాడు. పేరు బయటికొస్తే మర్నాటి నుంచి కార్లు ఊరి ముందు ఆగుతాయి, ఆ కొండ ఆ బరువు మోయలేదు అన్నాడు.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. మేం మామా అన్నాం, ఆయన మమ్మల్ని అల్లుడూ, కోడలా అన్నాడు. వాళ్ళ మాట తెలుగే కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. వాళ్ళ పాత ఊరు తాతల కాలంలో కొండ మీద ఉండేదట. రోడ్డు కోసం, బడి కోసం, రేషన్ బియ్యం కోసం కిందికి దిగారు. ఆ పాత ఊరు చూడాలని మేం అడిగాం. కాసేపు ఆలోచించి, "బాట పూడిపోయింది. ఉన్నంత వరకు నడుద్దాం, లేనిచోట నేను చూస్తాను" అన్నాడు.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఆయన చేసిన పనులు మీరు శ్రద్ధగా వినాలి.

మొదట కూలి మాట్లాడాడు. "పైదాకా వెళ్ళినా ఇంతే, సగంలో తిరిగొచ్చినా ఇంతే. దారిలో మాత్రం డబ్బు మాట ఎత్తొద్దు" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. ఎవరికి ఆయాసం ఉంది, ఎవరికి చీకట్లో చూపు ఆనదు, ఎవరికి ఈత రాదు. చెప్పులు తిప్పి అడుగులు చూశాడు. ఒకరి బూట్ల అడుగు నున్నగా అరిగిపోయి ఉంటే, ఊళ్ళో కుర్రాడి బూట్లు తెచ్చి వేయించాడు. ఆ తర్వాత వాళ్ళ ఇంటావిడను, కొడుకును కూర్చోబెట్టి, ఏ వైపు నుంచి ఎక్కుతున్నాం, ఏ వైపు నుంచి దిగుతాం అని చెప్పాడు. "దీపాలు పెట్టే వేళకు రాకపోతే వాగు వైపు రావొద్దు. కొండ మీది అంచు పట్టుకుని రండి" అని రెండుసార్లు చెప్పాడు. చివరగా మాతో ఒక మాట అన్నాడు. "ఆగమంటే ఆగాలి. ఎందుకో తర్వాత అడగండి."

తెల్లవారాక కదిలాం. ఊరి చివర ఒక చెట్టు కింద రాయి ముందు ఆగి, ఆకు కొమ్మ పెట్టి దండం పెట్టాడు. మనం పెన్ ముందు ఆగినట్టే. కొంత దూరం పోయాక వాగు వచ్చింది. పాదం మునిగేంత నీళ్ళు. దాటాక వెనక్కి తిరిగి, నీళ్ళ మధ్యలో పైకి కనబడుతున్న ఒక తెల్లని బండ చూపించి, "దీన్ని గుర్తుపెట్టుకోండి" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

ఆ తర్వాత బాట లేదు. వెదురు పొదలు, అడ్డతీగలు, నడుం ఎత్తు గడ్డి. ఆయన చేతిలో కత్తి ఉంది కానీ నరికింది తక్కువ. కొంత దూరం పోగానే ఆగి వెనక్కి తిరిగి చూసేవాడు, మమ్మల్నీ చూడమనేవాడు. "ఎక్కేటప్పుడు కొండ ఒక తీరుగా కనబడుతుంది, దిగేటప్పుడు ఇంకో తీరుగా కనబడుతుంది. వెనక్కి చూడనివాడికి సగం దారే తెలుస్తుంది" అన్నాడు. ఎలుగుబంట్లు తిరిగే చోట్లలో మమ్మల్ని గట్టిగా మాట్లాడుకోమన్నాడు. ఎలుగుబంటి మనిషిని వెతుక్కుంటూ రాదు, దగ్గరికి వచ్చేదాకా మనిషి అలికిడి తెలియకపోతే బెదిరి మీద పడుతుంది అని చెప్పాడు. జలగలు పట్టాయి, ముళ్ళు గీరాయి. మధ్యాహ్నానికి ముందే పైకి చేరాం.

పాత ఊళ్ళో ఇళ్ళు లేవు. పనసచెట్లు, చింతచెట్లు, జీలుగచెట్లు ఉన్నాయి. ఇళ్ళ ముందు కూర్చునే రాళ్ళు గడ్డిలో అలాగే ఉన్నాయి. ఇది మా తాత కూర్చున్న రాయి అని ఒకటి చూపించాడు. చోడి అంబలి తాగి, ఇంకాసేపు ఉందామనుకున్నాం. ఆయన ఉత్తరం వైపు చూసి లేచాడు. ఆ పక్క కొండల మీద మబ్బు నల్లగా కూర్చుని ఉంది. మా మీద మాత్రం ఎండ కాస్తోంది.

తిరిగి వాగు దగ్గరికి వచ్చేసరికి మూడు దాటింది. మా మీద ఒక్క చినుకు కూడా పడలేదు. నీళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి. ఆకులు, పుల్లలు, నురగ కొట్టుకొస్తున్నాయి. తెల్లబండ కనబడలేదు. నీళ్ళ అడుగున రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వినబడుతోంది. ఆయన ఒడ్డున కాసేపు నిలబడి, "దాటం" అన్నాడు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మాలో ఒక తమ్ముడికి ఎల్లుండి పొద్దున హైదరాబాద్‌లో ఉద్యోగ పరీక్ష ఉంది. రెండేళ్ళు చదివిన పరీక్ష. ఆ రాత్రికే రాజమండ్రిలో రైలు టికెట్ ఉంది. అవతలి ఒడ్డు పాతిక అడుగుల దూరంలో కనబడుతోంది. నీళ్ళు తొడల దాకా ఉంటాయేమో. తమ్ముడు ఆయన్ని మెల్లగానే అడిగాడు. "మామా, అందరం చేతులు పట్టుకుంటే దాటలేమా?"

ఆయన చెప్పిన జవాబు ఇది. "దాటొచ్చు అల్లుడూ. ఆరుగురిలో ఐదుగురు దాటొచ్చు. ఆ ఆరో మనిషి ఎవరో నువ్వు చెప్పు, అప్పుడు దాటుదాం."

మాలో ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడు బ్యాగు భుజానికి వేసుకుని ఆయన వెనక నిలబడ్డాడు.

ఆ మర్నాడు ఆయనకు సంత రోజు. వారమంతా అల్లిన వెదురు బుట్టలు ఇంట్లో సిద్ధంగా ఉన్నాయి. వాగు దాటకపోతే ఆయనకూ నష్టమే. ఆ మాట ఆయన మాతో అనలేదు, తర్వాత వాళ్ళ అబ్బాయి చెబితే తెలిసింది.

వాగు దిగువకు పోతే ఇంకో పాయ కలుస్తుంది, అక్కడ నీళ్ళు ఇంకా ఎక్కువ. ఒడ్డునే కూర్చుంటే రాత్రికి నీళ్ళు ఎంత దాకా వస్తాయో తెలియదు. మిగిలింది పైకి ఎక్కి, కొండ అంచు మీదుగా వాళ్ళ అన్నదమ్ముల పోడు గుడిసె చేరడం. అక్కడికి బాట లేదు. రాళ్ళు కదిలే వాలు అది, పైగా తడి.

ఆ రెండు గంటల నడక మేం మరిచిపోలేం. ఆయన మమ్మల్ని ఒకరి కింద ఒకరు లేకుండా అడ్డంగా పరిచాడు. పైవాడి కాలికింద రాయి కదిలితే కిందివాడి తలమీద పడకూడదని. రెండు కాళ్ళు నిలబడ్డాకే చెయ్యి కదపాలి, రెండు చేతులు పట్టు దొరికాకే కాలు కదపాలి అన్నాడు. ఎండిన వెదురు పట్టుకోనివ్వలేదు. పచ్చి వేరునైనా ఒకసారి లాగి చూశాకే బరువు వెయ్యమన్నాడు. ఎడమ చేతి వైపు చెట్ల తలలు కనబడుతున్నాయి, నేల కనబడడం లేదు. అక్కడ ఎవరికీ మాట రాలేదు.

సగం పైగా ఎక్కాక మా చెల్లి ఒకరు జారింది. ఒక పొద అడ్డం ఉండి ఆగింది కానీ మడమ మడతపడింది. ఆయన అడ్డతీగ నార ఒలిచి, రెండు వెదురు బద్దలు పెట్టి కట్టాడు, చేతికి కర్ర ఇచ్చాడు. తర్వాత, "ఇప్పటినుంచి ముందు నడిచేది ఈ కోడలే. ఈమె ఎంత మెల్లగా నడిస్తే మనమంతా అంత మెల్లగా" అన్నాడు. చీకటి పడుతున్నా ఆమెను ఎవరూ తొందరపెట్టలేదు. ఫోన్లలో సిగ్నల్ లేదు. ఒకసారికి ఒక్క ఫోనే వెలిగించమన్నాడు, మిగతావి ఆపించాడు.

గుడిసె చేరాక నిప్పు చేశాడు. పోడులోని మొక్కజొన్న పొత్తులు నాలుగు విరిచి, రేపు మా అన్నకు చెబుతాను అంటూ కాల్చి పెట్టాడు. తర్వాత వాన వచ్చింది. రాత్రంతా కింద వాగు చప్పుడు వినబడుతూనే ఉంది. ఆ చప్పుడు విన్నాక పరీక్ష గురించి తమ్ముడు కూడా మాట్లాడలేదు.

ఆ రాత్రి మేం ఆయన్ని చాలా అడిగాం. మేమూ అడవిలో పుట్టినవాళ్ళమే మామా, అయినా ఆ నీళ్ళలోని గుర్తులు మాకు తెలియలేదు అన్నాం. ఆయన నవ్వాడు. "మీ అడవి మీకు తెలుస్తుంది. ఇది మీ అడవి కాదు కదా. మీ టేకు అడవికి నేనొస్తే మీ వెనకే నడుస్తాను" అన్నాడు. ఎవరు నేర్పారని అడిగితే వాళ్ళ నాన్న అన్నాడు. "దాటిన వాగుల గురించి మా నాన్న ఎప్పుడూ చెప్పలేదు. దాటకుండా ఆగిన వాగులే చెప్పాడు. ఏ నెలలో, ఎక్కడ, ఎందుకు ఆగాడో." మరి మీ అబ్బాయికి చెప్పారా అని అడిగాం. ఆయన కాసేపు నిప్పు సర్దుతూ ఉండిపోయాడు. "వాడు హాస్టల్లో పెరిగాడు. ఈ కొండ మీదికి మూడుసార్లు వచ్చాడేమో" అన్నాడు.

తెల్లారకముందే పైన ఎక్కడో కూత వినబడింది. ఆయన తిరిగి కూత వేశాడు. ఆయన కొడుకు, ఇంకో ఇద్దరు ఊరివాళ్ళు కొండ అంచు మీదుగా వచ్చారు. చెప్పిన వేళకు మేం రాకపోవడంతో, చెప్పిన దారినే బయల్దేరారు. వాగు వైపు ఒక్కరూ వెళ్ళలేదు. మా చెల్లిని వంతులవారీగా ఆనించుకుని నడిపిస్తూ, చుట్టుదారిన ఊరు చేరేసరికి మళ్ళీ చీకటి పడింది. తమ్ముడు మర్నాడు మొదటి బస్సు ఎక్కాడు. పరీక్ష హాలు గేటు మూసే వేళకు అతను ఇంకా బస్సులోనే ఉన్నాడు. ఆ పరీక్ష పోయింది. వచ్చే నోటిఫికేషన్ కోసం చదువుతున్నాడు. ఇదే సభలో మూడో వరుసలో కూర్చుని ఉన్నాడు.

ఇక మనవైపు సంగతికి వద్దాం.

మారేడుమిల్లి దగ్గరే జలతరంగిణి జలపాతం ఉంది. 2024 సెప్టెంబరులో అక్కడికి విహారానికి వచ్చిన వైద్య విద్యార్థుల్లో కొందరు ఉన్నట్టుండి పెరిగిన నీళ్ళలో కొట్టుకుపోయారు. ముగ్గురు చనిపోయారు. పైన ఎక్కడో కురిసిన వాన కింద ఎండలో ఉన్నవాళ్ళ మీదికి వస్తుంది. నీళ్ళు ఎర్రబడడం, చెత్త కొట్టుకురావడం, చప్పుడు మారడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినా నీళ్ళలోంచి బయటికి వచ్చి ఎత్తుకు ఎక్కాలి. నీటి వేగం రెండింతలైతే అది మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది. వేగంగా పారే నీళ్ళు అర అడుగే ఉన్నా మనిషి కాలు తీసేస్తాయి. ఈతకు దీనితో సంబంధం లేదు. బండల మధ్య ఎవరూ ఈత కొట్టలేరు.

మనకూ కడెం నది మీద కుంటాల ఉంది, మిట్టె జలపాతం ఉంది, పేరు లేని ధారలు ఎన్నో ఉన్నాయి. కుంటాల నీళ్ళలో ఎంతమంది ఇళ్ళ దీపాలు ఆరిపోయాయో మీకు తెలుసు. వానాకాలం ఆదివారాల్లో వచ్చే బళ్ళు కూడా మీకు తెలుసు. వచ్చినవాళ్ళు మన తమ్ముళ్ళను పిలిచి, "అందరూ వెళ్ళే చోటు వద్దు, ఎవరూ చూడని చోటు చూపించు" అంటారు. మూడు వందలు ఇస్తామంటారు. సగం దూరం వెళ్ళాక మనవాడు ఆగితే, "ఇంకో ఐదు వందలు ఇస్తాం, ఇంకొంచెం ముందుకు పద" అంటారు. ఆ ఐదు వందలు ఇంట్లో రెండు రోజుల ఖర్చు. అవి చేతిలో పెట్టాక మనవాడి నోట వద్దు అనే మాట రావడం కష్టం. రేపు ఏదైనా జరిగితే వాళ్ళు కార్లలో వెళ్ళిపోతారు. స్టేషన్ ముందు కూర్చునేది మనవాడు, వాడి తల్లి.

ఆ మామ కూలి మాట ముందే ఎందుకు తేల్చాడో ఇప్పుడు చూడండి. చేరితేనే డబ్బు అన్న మనిషికి ఆగే హక్కు ఉండదు. తిరిగొచ్చినా అదే డబ్బు అన్న మనిషి భయం లేకుండా వద్దు అనగలడు. ఆయన ఆ మాట ఒడ్డున అనగలిగాడంటే, ముందు రోజు సాయంత్రం ఇంటి ముందు కూర్చుని దానికి చోటు చేసుకున్నాడు కాబట్టి. మేం ఆయనకు ఇచ్చిన కూలిలో పాత ఊరు చూపించినందుకు సగం, వాగు దాటించనందుకు సగం అని మేం అనుకుంటున్నాం.

కాబట్టి దారి చూపే పని చేస్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా మాట ఇది. కూలి బయల్దేరే ముందే తేల్చుకోండి, తిరిగొచ్చినా అంతే అని చెప్పండి. ఎటు వెళ్తున్నారో, ఏ వేళకు వస్తారో ఇంట్లో చెప్పండి, రాకపోతే ఏ దారిన వెతకాలో కూడా చెప్పండి. వచ్చినవాళ్ళ కాళ్ళు, చెప్పులు, ఊపిరి చూసి తీసుకెళ్ళండి. కవ్వాల్ టైగర్ రిజర్వు లోపలికైతే అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు, పెట్టనివ్వొద్దు. ఒక్కరే వెళ్ళకండి, ఇద్దరుగా వెళ్ళండి. దెబ్బ తగిలినవాళ్ళ దగ్గర ఒకరు ఉంటే, కబురు చెప్పడానికి ఇంకొకరు కావాలి.

వేరే ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకు ఇంకో మాట. ఆదివాసీకి ఏ అడవైనా తెలుసు అని బయటివాళ్ళు అంటే మనకు గర్వంగానే ఉంటుంది. కానీ అడవి తెలివి ఆ చోటుకు చెందినది. ఆ కొండ వాన ఆ కొండవాళ్ళకే తెలుసు. అక్కడివాళ్ళ వెనక నడవండి, వాళ్ళు అడిగిన కూలి బేరం లేకుండా ఇవ్వండి. వాళ్ళు ఆగితే ఆగండి.

ఇక మనందరం కలిసి చేయాల్సిన పని ఒకటుంది. ఆ మామ కొడుకు లాగే మనమూ ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో పెరిగినవాళ్ళం. చదువు వచ్చింది, మంచిదే. మన ఊరి వాగు ఎక్కడ దాటొచ్చో, ఏ బండ మునిగితే ఆగాలో మనలో ఎందరికి తెలుసు? ఆ బండలకు గోండిలో పేర్లున్నాయి. ఆ పేర్లు తెలిసిన ముసలివాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. వచ్చే దండారి లోపల ప్రతి ఊరి నుంచి ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ఒక పెద్దాయనతోనో పెద్దమ్మతోనో ఊరి పొలిమేర అంతా నడవాలి. వాగుల పేర్లు, రేవుల పేర్లు, ఆగాల్సిన గుర్తులు రాసుకోవాలి. తెలుగులో రాయండి, వచ్చినవాళ్ళు గుంజాల గోండి లిపిలో రాయండి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. వాళ్ళు ఎక్కడెక్కడ దాటారో అడగండి. ఎక్కడెక్కడ దాటకుండా ఆగిపోయారో తప్పకుండా అడగండి.

వచ్చే దండారికి ఆ మామను, వాళ్ళ అబ్బాయిని మన ఊళ్ళకు పిలిచాం. వస్తామన్నారు. మన టేకు అడవిలో ఆయన మన వెనక నడుస్తానన్నాడు. ఆయనకు ముందు ఎవరు నడుస్తారు? పెద్దల దగ్గర నేర్చుకుని, ఆ రోజుకు సిద్ధంగా ఉండేవాళ్ళు సభ అయ్యాక మా దగ్గరికి వచ్చి పేర్లు ఇవ్వండి. అమ్మాయిలు ముందు ఇవ్వండి.